బొమ్మ పోయినను ప్రోగ్రాము పోదు

ఇంటి కంప్యూటరు తెరపై అక్కరలేని ప్రోగ్రామునకు గుర్తుగా కనబడు చిన్న బొమ్మను మౌసుతో పట్టి రీసైకిల్ బిన్‌లోనికి ఈడ్చివేసి, దానితో పీడ విరగడయైనదని నిశ్చింతగా ఉండువారు మనలో పెక్కుమంది కలరు. ఆ బొమ్మ ప్రోగ్రాము కాదు. ప్రోగ్రాము ఉన్న చోటును సూచించు ఒక చిన్న ఫైలు మాత్రమే. దానికి షార్ట్‌కట్ అని పేరు. దాని పరిమాణము కొద్ది కిలోబైట్లు. అసలు ప్రోగ్రాము మాత్రము వందలకొలది మెగాబైట్ల చోటును ఆక్రమించుకొని, కంప్యూటరును తెరచినప్పుడెల్ల తానును మేల్కొని, ఇంటర్నెట్టు ద్వారా తన కర్తలతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనుచు, మునుపటివలెనే వర్ధిల్లుచుండును. మరికొందరు ఒక అడుగు ముందుకు వేసి, సి డ్రైవులోని ప్రోగ్రామ్ ఫైల్స్ అను ఫోల్డరును తెరచి, అందు ఆ ప్రోగ్రాము పేరుతో ఉన్న ఫోల్డరును మొత్తముగా చెరిపివేయుదురు. ఇది మొదటి పనికంటె ఎక్కువ హానికరము. ఎందుకు హానికరమో తెలియవలెనన్నచో, ఒక ప్రోగ్రాము కంప్యూటరులో ప్రవేశించునప్పుడు ఏమేమి చేయునో కొంచెము ఓపికతో పరిశీలింపవలెను.

డాస్ నాటి కంప్యూటర్లలో ఈ చిక్కు ఇంతగా లేదు. 1980 దశకమున ప్రోగ్రాము అనగా ఫ్లాపీనుండి హార్డుడిస్కులోని ఒక డైరెక్టరీలోనికి నకలు చేసికొన్న కొన్ని ఫైళ్లు. ఆ డైరెక్టరీని చెరిపివేసినచో, కంప్యూటరు మొదలగునప్పుడు చదువుకొను ఒకటి రెండు ఫైళ్లలో ఎక్కడనో ఒక పంక్తి మిగిలినను మిగులవచ్చును గాని, ప్రోగ్రాము నిజముగనే పోయెడిది. విండోస్ వచ్చిన పిదప, పెక్కు ప్రోగ్రాములకు సామాన్యముగా కావలసిన పనులను ఎవరికివారు వేరువేరుగా వ్రాసికొననేల యను సదుద్దేశముతో, డి.ఎల్.ఎల్. అను ఉమ్మడి ఫైళ్ల పద్ధతి ప్రబలినది. ఒక ప్రోగ్రాము తెచ్చిన ఫైలును మరియొకటి వాడుకొనుట, క్రొత్తగా వచ్చినది పాతదాని ఫైలును త్రొక్కివేయుట, వెళ్లిపోవునది ఇతరులకు కావలసినదానిని కూడ మూటగట్టుకొని పోవుట మొదలైన అనర్థములు అప్పటినుండియే ఆరంభమైనవి. ప్రోగ్రాములు తమ అమరికలను వ్రాసికొనుటకు మొదట ఐ.ఎన్.ఐ. ఫైళ్లు ఉండెడివి, 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ అను క్రొత్త దప్తరము మిక్కిలి చిన్న రూపమున అవతరించి, 1995 ఆగస్టు 24న విడుదలయైన విండోస్ 95 నాటికి యావత్తు యంత్రమునకును మూలదప్తరమైనది. కంట్రోల్ ప్యానెల్‌లో ‘యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్’ అను ద్వారమును తెరచినదియు ఆ విండోస్ 95యే. తమ పెట్టెపై విండోస్ 95 ముద్ర వేసికొనదలచిన ప్రోగ్రాములు తమ్ము తాము తొలగించుకొను సాధనమును కూడ వెంట తెచ్చుకొనవలెనని ఆనాడు మైక్రోసాఫ్టు విధించిన నియమము, నా దృష్టిలో, గృహస్థునకు ఆ సంస్థ చేసిన గొప్ప ఉపకారములలో ఒకటి. అదే ద్వారము 2007లో వచ్చిన విస్టాలో ‘ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్’ అను పేరు తాల్చి, నేటి విండోస్ 11లో సెట్టింగ్స్ క్రింద ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ అను పేరుతో చెలామణి యగుచున్నది.

ఇప్పుడు ఫోటోలను దిద్దుకొను ఒక సామాన్యమైన ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసితిమనుకొందము. దాని ప్రధానమైన ఫైళ్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో చేరును. ఇంటిలో ఒక్కొక్కరికిని వేరుగా ఉండవలసిన అమరికలు వారివారి పేరిటనున్న యాప్‌డేటా అను ఫోల్డరులో చేరును. ఇది మామూలుగా కంటికి కనబడకుండ దాచియుంచబడినది. అందరికిని ఉమ్మడియైనవి ప్రోగ్రామ్‌డేటా అను మరియొక దాగిన ఫోల్డరులో చేరును. ఫోటో ఫైలుపై మౌసు నొక్కినప్పుడు ఇక తానే తెరచుకొనవలెనని రిజిస్ట్రీలో ఒక వ్రాత. కుడి బటను నొక్కినప్పుడు వచ్చు పట్టికలో తన పేరు కనబడవలెనని మరియొక వ్రాత. కంప్యూటరుతోపాటు తానును మేలుకొనుటకు స్టార్టప్ జాబితాలో ఒక చోటు. ప్రతిదినము ఒకానొక వేళకు క్రొత్త కూర్పు వచ్చినదేమో చూచుకొనుటకు టాస్క్ షెడ్యూలరులో ఒక ఏర్పాటు. ఇంకను పెద్ద ప్రోగ్రాములైనచో, ఎవరు లాగిన్ అయినను కాకున్నను తెరవెనుక నడచుచుండునట్టి సర్వీసు. ఇట్లు అన్నిచోట్లను పాదుకొనిన పిదప, ఇన్‌స్టాలరు చివరగా ఒక మంచి పని చేయును: రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ అను శీర్షిక క్రింద తన పేరు, తన కర్త పేరు, వచ్చిన తేదీ నమోదు చేసి, తన్ను తొలగింపవలెనన్నచో నడుపవలసిన ఆజ్ఞ ఏదియో అందు వ్రాసిపెట్టును. ఏ ఫైలు ఎక్కడ పెట్టబడినదో, ఏ వ్రాత ఎక్కడ వ్రాయబడినదో తెలిసిన జాబితా ఆ అన్‌ఇన్‌స్టాలరు చేతిలోనే ఉండును. 1999లో ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలరు పద్ధతిలో ఈ జాబితాను భద్రపరచు బాధ్యతను విండోసే స్వయముగా వహించినది.

కావున ప్రోగ్రాము ఫోల్డరును చేతితో చెరిపివేయువాడు మొట్టమొదట నాశనము చేయునది, చాలవరకు, ఆ ఫోల్డరులోనే ఉన్న అన్‌ఇన్‌స్టాలరును. ఇంటింటికిని తిరిగి తాను పెట్టిన సామాను ఏరుకొని రాగల ఏకైక సాక్షి పోయినట్లే. ఇక స్టార్టప్‌లోని వ్రాత లేని ఫైలును వెదకుచు ప్రతి ఉదయమును ఒక దోషసందేశమును తెరపై విసరుచుండవచ్చును. టాస్క్ షెడ్యూలరు దిక్కులేనిదై వృథాగా మేలుకొనుచుండును. ఫోటోలు ఏ ప్రోగ్రాముతో తెరువవలెనో తెలియక యంత్రము మనలనే ప్రశ్నించును. ఉమ్మడి ఫైళ్ల సంగతి మరింత సున్నితమైనది. ఒక డి.ఎల్.ఎల్. ఫైలును ఎన్ని ప్రోగ్రాములు వాడుకొనుచున్నవో రిజిస్ట్రీలో ఒక లెక్క ఉండును. వచ్చు ప్రోగ్రాము ఆ లెక్కకు ఒకటి కలుపును, పోవు ప్రోగ్రాము ఒకటి తగ్గించును. లెక్క సున్నకు వచ్చినప్పుడే ఆ ఫైలును తీసివేయవలెనని విధి. ఫోల్డరును చేతితో చెరిపినప్పుడు ఈ లెక్క తగ్గదు, కావున ఆ ఉమ్మడి ఫైలు ఎప్పటికిని పోదు.

అక్కరలేని ప్రోగ్రాములు మన యింట ప్రవేశించు మార్గములు కూడ తెలిసికొనదగినవి. కొన్నిటిని మనమే కోరి తెచ్చుకొందుము. పిల్లవాడు ఒక వేసవిలో ఆడి విడిచిన ఆట, ఇప్పుడు ఇంట లేని ప్రింటరు వెంట వచ్చిన ప్రోగ్రాము ఇట్టివి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌తోనే వచ్చును; గడువు తీరిన పిదప డబ్బు చెల్లింపుమని హెచ్చరించుచుండు యాంటీవైరస్ నమూనా వీనిలో ముఖ్యమైనది. మూడవ తెగ ఉచితముగా దొరకు మరియొక ప్రోగ్రాము చాటున దూరివచ్చును. మనము ‘నెక్స్ట్’ అను బటనును చదువకయే నొక్కుచు పోవుచుండగా, నడుమ ఒకానొక పుటలో ముందే టిక్కు పెట్టియుంచిన గడి ఒకటి ఉండును. ఆ టిక్కును తీసివేయమి మన సమ్మతిగా పరిగణింపబడును. ఒకప్పుడు జావా ప్రోగ్రామునకు వచ్చు భద్రతాసవరణల వెంట ఆస్క్ టూల్‌బారు ఇట్లే ఇండ్లలో చేరెడిది. అది వెంటనే ఇన్‌స్టాల్ కాక పది నిమిషములు నిరీక్షించి, కంప్యూటరు యజమాని అప్పుడే దానికొరకు వెదకినను కనబడకుండునట్లు ఏర్పాటు చేయబడినదని 2013లో బయటపడినది. భద్రతకొరకు వచ్చు సవరణతో ఇట్టి సామానును కలిపి పంపుటను నేను ఏనాడును సమర్థింపజాలను. సవరణలు చేసికొనుటకే జనులు జంకునట్లు చేసిన పని యది.

తొలగించుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. ఆ ప్రోగ్రాముతో మనము చేసికొన్న పని ఎక్కడ ఉన్నదో చూచుకొని, దానిని పెన్‌డ్రైవులోనికి నకలు తీయవలెను. తెలుగు టైపు చేయు ఇండ్లలో ఈ జాగ్రత్తకు విశేషమైన ప్రయోజనము కలదు. యూనికోడ్ వాడుకలోనికి రాకపూర్వము మన డి.టి.పి. కేంద్రములలో ‘అను’ మొదలైన ఫాంటులతో కూర్చిన పత్రములలో, కంప్యూటరు దృష్టిలో ఉన్నవి రోమను అక్షరముల సంకేతములే. వానిపై తెలుగు రూపమును తొడుగునది ఆ ఫాంటు. టైపు సాధనమును తొలగించినప్పుడు దానితోపాటు ఫాంటులును పోయినచో, తాతగారి శతకవ్యాఖ్య గాని, కులవృత్తిపై నాయనగారు వ్రాసికొన్న పుస్తకము గాని మరునాడు తెరచినప్పుడు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. అక్షరములు నశింపలేదు, ఫాంటు తిరిగి పెట్టినచో మరల కనబడును. కాని ఆ ఫాంటు ఏదియో జ్ఞాపకము లేని కాలమునకు అవి నశించినట్లే. అందుచేత ముందుగా అట్టి పత్రములను యూనికోడులోనికి మార్చుకొనుటయో, పి.డి.ఎఫ్.గా భద్రపరచుకొనుటయో చేయవలెను. ఆ పిమ్మట సిస్టమ్ రిస్టోర్ అను సదుపాయముతో ఒక పునరుద్ధరణ బిందువును ఏర్పరచుకొన్నచో, పని వికటించినను యంత్రమును పూర్వస్థితికి తెచ్చుకొనవచ్చును. ఈ పునరుద్ధరణ మన ఫోటోల జోలికి, ఉత్తరముల జోలికి పోదు.

ఇప్పుడు సెట్టింగ్స్ తెరచి, యాప్స్, ఆపై ఇన్‌స్టాల్డ్ యాప్స్ అను చోటికి పోవలెను. జాబితా అక్షరక్రమమున ఉండును. దానిని తేదీల క్రమమునకు మార్చుకొనుట మంచిది. కంప్యూటరునకు రోగము పట్టినది ఫలానా ఆదివారమునుండి అని మనకు తెలిసినచో, ఆ ఆదివారమున వచ్చినవారందరును ఒక్కచోట వరుసగా నిలిచి కనబడుదురు. ఒకదాని చాటున దూరివచ్చిన ప్రోగ్రాములను పట్టుకొనుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు. పేరు తెలియని ప్రతిదానిని తొలగింపరాదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అను పేరుతో, వేరువేరు సంవత్సరముల అంకెలతో, నాలుగైదు వరుసలు ఉండుట చూచి, ఒకే వస్తువు ఇన్ని మారులు వచ్చినదేమని కొందరు వానిని ఊడ్చివేయుదురు. అవి ఇతర ప్రోగ్రాములు ఆధారపడు ఉమ్మడి ఫైళ్ల మూటలు. 2010 నాటిదానిని కోరు ప్రోగ్రామునకు 2013 నాటిది పనికిరాదు. వానిని తీసివేసిన మరుదినము లెక్కలు వ్రాసికొను ప్రోగ్రామో, పిల్లల ఆటయో తెరచుకొనకపోవును. గ్రాఫిక్స్, శబ్దము, టచ్‌ప్యాడ్ మొదలైనవాని డ్రైవర్లను గూర్చియు ఇదే మాట.

తొలగింపదలచినదాని ప్రక్కనున్న మూడు చుక్కలను నొక్కి అన్‌ఇన్‌స్టాల్ అన్నప్పుడు, ప్రోగ్రాము తన సొంత అన్‌ఇన్‌స్టాలరును తెరచును. ఇచటనే నిదానము కావలెను. మర్యాదగల ప్రోగ్రాము ‘తొలగింపవలెనా’ అని ఒక్కమారు అడిగి తన పని తాను చేసికొనిపోవును. మర్యాద లేనిది, ‘ఉంచుకొనుడు’ అను బటనును పెద్దదిగా రంగుతో దిద్ది, ‘తొలగించు’ అను మాటను లేతబూడిద రంగులో ఒక మూలన చిన్నదిగా వ్రాయును. లేదా ప్రశ్ననే తిప్పి, ‘తొలగింపును రద్దు చేయుదురా’ అని అడిగి, అలవాటుచొప్పున ‘ఎస్’ నొక్కువానిని మోసగించును. లేదా వెళ్లుచు వెళ్లుచు తన బంధువును ఒకదానిని ఇన్‌స్టాల్ చేసికొనుమని సలహా చెప్పును. ప్రతి పుటను ఆసాంతము చదివి, ప్రతి గడిని చూచి నొక్కవలెను. అమరికలను, వ్యక్తిగతసమాచారమును కూడ తీసివేయవలెనా అని అడిగినచో, తిరిగి వాడు ఉద్దేశము లేనప్పుడు తీసివేయుమనియే చెప్పవలెను. లేకున్నచో యాప్‌డేటాలోని సామాను అట్లే ఉండిపోవును.

పని ముగిసినదని తెలిపిన తరువాత రీస్టార్ట్ చేయుమని కోరుట పెక్కుమందికి విసుగు కలిగించును. కాని అది అలంకారముగా అడుగునది కాదు. నడచుచున్న ఫైలును చెరుపుటకు విండోస్ సాధారణముగా అనుమతింపదు. అందుచేత అన్‌ఇన్‌స్టాలరు అట్టి ఫైళ్ల పేర్లను రిజిస్ట్రీలో ఒక చోట వ్రాసిపెట్టి, మరల కంప్యూటరు మొదలగు వేళ, ఆ ఫైళ్లను ఎవరును తెరువకముందే, వానిని చెరుపవలసినదిగా విండోసునకు అప్పగించును. రీస్టార్ట్ చేయక ‘తరువాత’ అని నొక్కి, అంతలో అదే ప్రోగ్రాము క్రొత్త కూర్పును ఇన్‌స్టాల్ చేసినవారికి, మరునాడు యంత్రము మొదలగునప్పుడు ఆ క్రొత్త ఫైళ్లే మాయమైన సందర్భములు కలవు.

రీస్టార్ట్ అయిన పిమ్మట, ఏమి మిగిలినదో వెదకుట ఆరంభింపవలెను. అసలు విద్య ఇచటనే ఉన్నది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కమారుగా నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందలి స్టార్టప్ జాబితాలో పోయినదాని పేరు గాని, దాని కర్త పేరు గాని మిగిలియున్నదేమో చూడవలెను. తరువాత టాస్క్ షెడ్యూలరు. ఈ రెండింటిని మించి సమగ్రముగా చూడగోరువారికి, మార్క్ రుసినోవిచ్ అను ప్రసిద్ధ విండోస్ నిపుణుడును ఆయన సహచరులును సిసింటర్నల్స్ పేరిట నిర్మించిన ఆటోరన్స్ అను ఉచితసాధనము కలదు. 2006లో మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనినది, ఇప్పుడు వారి చోటనే దొరకును. కంప్యూటరుతోపాటు మేలుకొను సమస్తమును అది ఒక్క జాబితాగా చూపును. మైక్రోసాఫ్టు వారివి దాచుమని చెప్పినచో మిగిలినవి కొద్దియే. అనుమానము గలదానిని వెంటనే చెరుపక టిక్కు మాత్రము తీసి కొన్నాళ్లు చూచుట వివేకము. పొరపాటైనచో టిక్కు తిరిగి పెట్టవచ్చును.

అన్నిటికంటె ఎక్కువగా అవశేషములు నిలుచునది బ్రౌజరునందు. ప్రోగ్రాము పోయినను, అది చేర్చిన ఎక్స్‌టెన్షన్ మిగులును. అది మార్చిన హోంపేజీ, వెదకు సాధనము మిగులును. క్రోమ్‌నందు ఎక్స్‌టెన్షన్ల పుటను తెరచి, మనము కోరి పెట్టుకొననిదానిని తీసివేయవలెను. కొన్నిటికి ‘రిమూవ్’ బటను పనిచేయదు. పైపెచ్చు, మీ బ్రౌజరు మీ సంస్థ నిర్వహణలో ఉన్నదని ఒక వాక్యము కనబడును. ఏ ఆఫీసుకును చెందని ఇంటి కంప్యూటరులో ఈ వాక్యము కనబడుటయే ఒక లక్షణము: కార్యాలయములు తమ ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో ఉంచుకొనుటకై ఏర్పరచిన పాలసీ అను రిజిస్ట్రీ మార్గమును ఆ దుష్టప్రోగ్రాము తనకు కోటగా చేసికొన్నదన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు కూడ ఈ మార్గమును వాడును గనుక, ఆ పాలసీ ఎవరిదో ముందు నిర్ధారించుకొని, ఆపై తొలగింపవలెను. షార్ట్‌కట్ బొమ్మపై కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ తెరచి, టార్గెట్ అను పంక్తిని చివరిదాక చదువుట మరియొక మంచి పరీక్ష; బ్రౌజరు ఫైలు పేరు ముగిసిన తరువాత ఏదేని వెబ్‌సైటు చిరునామా తగిలించియున్నచో, బ్రౌజరు తెరచినప్పుడెల్ల ఆ పుట ఎందుకు వచ్చుచున్నదో తెలిసిపోవును. తెర కుడివైపు అడుగున ‘మీ కంప్యూటరునకు వైరస్ సోకినది’ అని మాటిమాటికి లేచు చీటీలు పెక్కుసార్లు ప్రోగ్రాము పని కానేకాదు. ఎప్పుడో ఒక సైటు నోటిఫికేషన్లు పంపుటకు అనుమతి అడిగినప్పుడు ‘అలౌ’ అని నొక్కిన ఫలము. బ్రౌజరు సెట్టింగులలో ఆ అనుమతిని రద్దు చేసినచో అవి ఆ క్షణముననే ఆగును.

తొలగింపు ఎంత చిక్కైనదో లోకమునకు తెలియజెప్పిన ఉదంతములు రెండు ఉన్నవి. 2005లో సోనీ బి.ఎం.జి. సంస్థ తన పాటల సి.డి.లను నకలు తీయనీయకుండుటకై, ఎక్స్.సి.పి. అను ప్రోగ్రామును 52 ఆల్బములతో జతచేసి అమ్మినది. సి.డి.ని కంప్యూటరులో పెట్టి వినబోయినవాని యంత్రములో అది చేరి, తన పేరు జాబితాలో పెట్టక, డాలరు గుర్తుతో మొదలగు ఒక సంకేతముగల ఫైళ్లనన్నిటిని విండోస్ కంటికే కనబడకుండ దాచెడిది. పైని చెప్పిన రుసినోవిచ్ తన కంప్యూటరులోనే దీనిని కనిపెట్టి, ఆ ఏటి అక్టోబరు 31న బయటపెట్టెను. ఆయన దాని ఫైళ్లను చేతితో చెరిపినప్పుడు సి.డి. డ్రైవే కంప్యూటరునుండి అదృశ్యమయ్యెను. ఏలయన ఆ ప్రోగ్రాము సి.డి. డ్రైవునకును విండోసునకును నడుమ తన్ను ఒక లంకెగా బిగించుకొని యుండెను. రిజిస్ట్రీలో ఆ లంకె వ్రాతను కూడ తీసినగాని డ్రైవు తిరిగి రాలేదు. ఆయన వంటి నిపుణునికే అట్లయినచో సామాన్యుని గతి ఏమి? ప్రజాగ్రహమునకు లొంగి సోనీ వెలువరించిన అన్‌ఇన్‌స్టాలరు మరింత విపరీతమైనది: అది తన వెనుక విడిచిన ఒక భాగము వలన ఏ వెబ్‌సైటైనను ఆ కంప్యూటరులో తన ఇష్టమువచ్చిన ప్రోగ్రామును నడుపగలిగెడిదని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్మన్ చూపించిరి. ఆ నవంబరులోనే సోనీ ఆ సి.డి.లను వెనుకకు తెప్పించుకొనవలసి వచ్చినది.

రెండవది లెనోవో ల్యాప్‌టాప్‌ల ఉదంతము. 2014లో ఆ సంస్థ గృహస్థులకు అమ్మిన కొన్ని నమూనాలలో, సూపర్‌ఫిష్ అను కంపెనీవారి విజువల్ డిస్కవరీ అను ప్రకటనల ప్రోగ్రాము ముందే ఇన్‌స్టాల్ చేయబడి వచ్చినది. వస్తువుల బొమ్మలపై మౌసు పోయినప్పుడు అట్టి ఇతర వస్తువులను చూపుట దాని పని. బ్యాంకులు మొదలైనవారి సురక్షితమైన పుటలలోనికి కూడ చొరబడుటకై, అది విండోసులోని విశ్వసనీయ రూట్ సర్టిఫికెట్ల పెట్టెలో తన సర్టిఫికెట్ ఒకటి పెట్టుకొన్నది. అనగా ఆ ముద్ర వేసిన ఏ సైటునైనను బ్రౌజరు తాళము బొమ్మ చూపి నిజమైనదిగనే నమ్మును. అన్ని ల్యాప్‌టాప్‌లలోను ఆ ముద్రకు రహస్యతాళపుచెవి ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో రాబర్ట్ గ్రాహమ్ అను భద్రతానిపుణుడు దాని సంకేతపదమును ఛేదించెను. ఇప్పుడు మన ప్రకృతమునకు ముఖ్యమైన విషయమేమనగా, యజమానులు ఆ ప్రోగ్రామును యథావిధిగా అన్‌ఇన్‌స్టాల్ చేసిన తరువాత కూడ ఆ సర్టిఫికెట్ అచటనే ఉండిపోయినది. గుడి గోపురముపై మొలచిన రావిమొక్కను పైకి కనబడినంతవరకు కోసి, సున్నము పూసి, ఇటుకల నడుమ దిగిన వేరును విడిచినట్లు, జాబితానుండి పేరు పోయినది గాని అపాయము లేశమంతయు తగ్గలేదు. మైక్రోసాఫ్టు తన డిఫెండర్‌కు సవరణ పంపి ప్రోగ్రామును, సర్టిఫికెట్‌ను కూడ తీసివేయించినది. లెనోవో కూడ ఒక తొలగింపు సాధనమును వెలువరించినది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో ఆ సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. ల్యాప్‌టాప్ కొన్న నాడే అక్కరలేని సామానును వెదకవలెనని నేను బంధువులకు, మిత్రులకు పట్టుపట్టి చెప్పుచుండుటకు ఈ ఉదంతమే కారణము.

ఇంతదూరము చదివిన పాఠకునికి, ఈ శ్రమ అంతయు ఒక్క బటనుతో తీర్చెదమను రిజిస్ట్రీ క్లీనర్లు జ్ఞాపకము రావచ్చును. వానిని వాడవలదని నా దృఢమైన అభిప్రాయము. మైక్రోసాఫ్టు కూడ అట్టి సాధనములను తాను సమర్థింపనని స్పష్టముగ చెప్పియున్నది. రిజిస్ట్రీలో మిగిలిన నాలుగు వందల అనాథవ్రాతలు ఆక్రమించు చోటు అత్యల్పము, కలిగించు ఆలస్యము లెక్కకు రానిది. పొరపాటున తీసివేసిన ఒక్క వ్రాత మాత్రము యంత్రమును లేవనీయక పోవచ్చును. మంచి పేరుగల సాధనములకు కూడ ప్రమాదము తప్పలేదు: 2017 ఆగస్టులో సీక్లీనర్ 5.33 కూర్పులో దొంగలు తమ కోడును చొప్పించగా, తయారీదారుల చేతిమీదుగనే అది సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు చేరినది.

తిన్నగా తొలగని ప్రోగ్రాములకు మార్గములు వేరు. యాంటీవైరస్ ప్రోగ్రాములు తమ్ము శత్రువులు తొలగింపకుండ ఆత్మరక్షణ చేసికొనును గనుక, కొన్నిసార్లు యజమానికి కూడ లొంగవు. వాని తయారీదారులే దీనికై ప్రత్యేకమైన తొలగింపు సాధనములను ఉచితముగా ఇచ్చెదరు, అవియే వాడవలెను. అన్‌ఇన్‌స్టాలరు చెడిపోయి జాబితాలో పేరు మాత్రము వ్రేలాడుచున్నచో, మైక్రోసాఫ్టువారి ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటరు సరిచేయగలదు. లేదా అదే ప్రోగ్రామును మరల ఇన్‌స్టాల్ చేసి, అన్‌ఇన్‌స్టాలరును తిరిగి సంపాదించి, దానితో సక్రమముగా పంపివేయవచ్చును. నడచుచున్నంతసేపు తన్ను తాకనీయని దుష్టప్రోగ్రామునకు సేఫ్ మోడ్ మందు. షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్ నొక్కినచో అందులకు దారి దొరకును. విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ ఇంకను మేలు. అది విండోస్ లేవకముందే పావుగంటసేపు డిస్కును శోధించును. అదే విండోస్ సెక్యూరిటీలో అవాంఛిత ప్రోగ్రాములను నిరోధించు అమరిక కలదు; దానిని తెరచియుంచవలెను.

ఒక తెగ ప్రోగ్రాములను గూర్చి ప్రత్యేకముగా చెప్పక తప్పదు. బ్యాంకు నుండియో, కంప్యూటరు కంపెనీ నుండియో అని చెప్పి ఎవడో ఫోను చేసి, దూరమునుండి తెరను చూచి నడుపగల ప్రోగ్రామును మనచేత ఇన్‌స్టాల్ చేయించినచో, అది సహజముగా సక్రమమైన ప్రోగ్రామే కావచ్చును. యాంటీవైరస్ దానిని పట్టుకొనదు. మొదట ఇంటర్నెట్టు తీగను ఊడదీయవలెను, లేదా వైఫైని ఆపవలెను. ఆ తరువాతనే అన్‌ఇన్‌స్టాల్. అతడు సర్వీసుగా మరియొకదానిని విడిచిపోయినాడేమో ఆటోరన్స్‌లో చూడవలెను. పాస్‌వర్డులను ఆ కంప్యూటరునుండి కాక వేరొక ఫోనునుండియో, కంప్యూటరునుండియో మార్చవలెను. ధనము పోయినచో ఆ గంటలోనే సైబరు నేరముల సహాయకేంద్రపు 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. పెద్దవారు సిగ్గుపడి ఇంటిలో చెప్పక దాచుకొనుటవలన పోవు సొమ్మే ఎక్కువ.

ఇంత చేసినను అనుమానము తీరనప్పుడు, విండోసునే క్రొత్తగా ప్రతిష్ఠించుట మేలు. సెట్టింగులలోని ‘రీసెట్ దిస్ పి.సి.’ చాలవరకు సరిపోవును. మన ఫైళ్లను ఉంచి ప్రోగ్రాములను మాత్రము తీసివేయుటకు అందు అవకాశము కలదు. కాని తయారీదారు పెట్టి పంపిన సామాను ఆ మార్గమున మరల తిరిగి రావచ్చును. అది కూడ వలదనుకొనువారు, మైక్రోసాఫ్టువారి మీడియా క్రియేషన్ టూలుతో కనీసము 8 గిగాబైట్ల పెన్‌డ్రైవును సిద్ధము చేసికొని, ముందుగా పత్రములను, ఫోటోలను వేరొక డిస్కులోనికి నకలు తీసి, అవి తెరచుకొనుచున్నవో లేదో మరియొక కంప్యూటరులో చూచుకొని, పాత డిస్కును తుడిచి, ఆ పెన్‌డ్రైవునుండి విండోసును పెట్టుకొనవలెను. విండోసుతో కొన్న ల్యాప్‌టాప్ అయినచో లైసెన్సు ఆ యంత్రమునకే ముడిపడియుండును గనుక, అదే ఎడిషనును ఎన్నుకొన్నచో మరల సొమ్ము చెల్లింపనక్కరలేదు. డ్రైవర్లలో చాలవరకు విండోస్ అప్‌డేట్ తానే తెచ్చుకొనును, రానివానిని తయారీదారు వెబ్‌సైటునుండి ఒక్కొక్కటిగా ఎంచి తెచ్చుకొనవచ్చును.